‘డిస్టర్బ్’ అను క్రియాపదము

విద్యార్థులారా! ‘డిస్టర్బ్’ అను ఆంగ్లపదమును మనమందఱ మెఱుఁగుదుము. సికిందరాబాదులో బడికిఁ బోనివారును ‘డిస్టర్బ్ చేయవద్దు’ అని తెలుఁగులోఁ గలిపి పలుకుదురు. అయినను ఆంగ్లవాక్యమునఁ బ్రయోగించునపుడు దీనియందుఁ బలువురు పొరపడుదురు. దానికిఁ గారణము తెలిసికొనుట మేలు.

ఈ పదము లాటినుభాషలోని ‘టుర్బారే’ అను క్రియనుండి పుట్టినది. బురదనీటిని వర్ణించు ‘టర్బిడ్’ అను పదమును దీనికిఁ జుట్టమే. మన ‘కలఁత’యు నట్టిదే. చెఱువునీరు కలఁగును, మనస్సును గలఁగును. అర్థమున రెండుభాషలకును భేదము లేదు. భేద మెల్ల వాక్యరచనయందే యున్నది.

తెలుఁగున ‘కలఁగు’ అకర్మకము, ‘కలఁచు’ సకర్మకము. మునుఁగు–ముంచు, వంగు–వంచు అనునవియు నిట్టి జంటలే. క్రియారూపమే మాఱుటచేఁ గలఁచినవాఁ డెవఁడో, కలఁగినవాఁ డెవఁడో స్పష్టమగును. ఆంగ్లపదమును దెచ్చుకొన్నపుడు ‘చేయు’, ‘అగు’ అను సహాయక్రియలు ఆ పని నెఱవేర్చును: డిస్టర్బ్ చేసితిని, డిస్టర్బ్ అయితిని. మన యూర వినఁబడు ఉర్దూలోను ‘పరేషాన్ కర్నా’, ‘పరేషాన్ హోనా’ యని రెండు విధములు గలవు. దూరమందున్న కొరియావారును అన్యభాషాపదములకు ‘చేయు’ అను నర్థముగల ‘హదా’ను జేర్చి క్రియలు కల్పించుకొందురు.

ఆంగ్లమున ‘డిస్టర్బ్’ సాధారణముగా సకర్మకము. మన బాలుఁడు ‘అయితిని’ అను మాటను విడిచి ‘ఐ డిస్టర్బ్డ్’ అనును. తరగతిలో అల్లరి జరిగి, చదువుకొనుచున్న బాలుఁడు కలఁత చెందెననుకొందము. ప్రధానోపాధ్యాయు లడుగఁగా వాఁ డీ మాట చెప్పినచో, ‘నేనే యితరులను గలఁచితిని’ అని వా రర్థము చేసికొందురు. నిరపరాధి తన నోటనే యపరాధి యగును! ‘ఐ వాజ్ డిస్టర్బ్డ్’ అనుటయే సరి.

విశేషణములును నిట్లే. కలఁచునది ‘డిస్టర్బింగ్’, కలఁగినది ‘డిస్టర్బ్డ్’. దుర్వార్త ‘డిస్టర్బింగ్’, దానిని విన్న తల్లి ‘డిస్టర్బ్డ్’. మఱియు ‘నాకు’ అను విభక్తి ననుసరించి ‘టు మి’ అనరాదు. ‘హి డిస్టర్బ్డ్ మి’ యనియే చెప్పవలెను. ‘అప్‌సెట్’ అను పదమునకు భూతకాలమందును రూపము మాఱదు గనుక అచ్చట మఱింత జాగరూకత వలయును.

పలుకుటకుముందు ‘కలఁగితినా, కలఁచితినా?’ అని మనసులోఁ బ్రశ్నించుకొనుఁడు. కలఁగితినేని ‘వాజ్’ చేర్చుఁడు. కలఁచితినేని ఎవరినో చెప్పుఁడు. తల్లిదండ్రులు దినమునకు రెండు వాక్యములు పిల్లలచేఁ జెప్పించినచో నీ భేదము కొలఁదికాలములోనే యలవడును.