Short కాదు, సేఫ్ ముఖ్యం: గేర్ రాడ్ కట్ చేస్తే కారు నిజంగా స్పీడ్ అవుతుందా? షార్ట్ షిఫ్టర్ అసలు లెక్క ఇదీ!

మణికట్టు ఇలా కదిపితే చాలు, గేర్ టక్కున పడిపోతుంది. కార్ల వీడియోల్లో ఈ సీన్ చూసి చాలామంది మనసు పారేసుకుంటున్నారు. దాని వెనకున్న కిటుకు పేరే షార్ట్ షిఫ్టర్. రెడీమేడ్ కిట్ కొనేవాళ్లు కొందరైతే, తెలిసిన వెల్డింగ్ షాపులో గేర్ రాడ్ కట్ చేయించుకునేవాళ్లు ఇంకొందరు. మరి ఇది ఎలా పనిచేస్తుంది? గేర్‌బాక్స్‌కి ఏమైనా ముప్పుందా? చూద్దాం.

షార్ట్ షిఫ్టర్ అంటే ఏంటి?

గునపంతో బండరాయి లేపడం చూసే ఉంటారు. గేర్ రాడ్ పని కూడా అంతే. రాడ్ మధ్యలో ఎక్కడో ఒక గుండ్రటి బాల్ మీద తిరుగుతుంది. బాల్‌కి పైనున్న పొడుగు భాగం మన చేతిలో ఉంటుంది. కిందున్న పొట్టి భాగం గేర్‌బాక్స్‌ని కదుపుతుంది. పై భాగం ఎంత పొడుగుంటే బలం అంత తక్కువ సరిపోతుంది, కానీ చెయ్యి అంత ఎక్కువ దూరం వెళ్లాలి. ఈ రెండు భాగాల నిష్పత్తిని మార్చి చేతి కదలికను తగ్గించడమే షార్ట్ షిఫ్టర్.

లెక్క ఇలా..

ఉదాహరణకి రాడ్ పై భాగం 30 సెం.మీ, కింది భాగం 6 సెం.మీ అనుకుందాం. నిష్పత్తి 5. కింద 2 సెం.మీ కదలాలంటే పైన చెయ్యి 10 సెం.మీ కదలాలి.

- పైన 5 సెం.మీ కట్ చేస్తే చెయ్యి కదలాల్సింది సుమారు 8.3 సెం.మీ.
- పైన ముట్టుకోకుండా కింద 1 సెం.మీ పెంచితే సుమారు 8.6 సెం.మీ.

అయితే ఇది ఊరికే రాదు. దూరం తగ్గిన మేరకు బలం పెరుగుతుంది. 5 సెం.మీ కట్ చేసిన రాడ్‌కి దాదాపు 20 శాతం ఎక్కువ బలం పెట్టాలి. అంటే ఇంతకుముందు 3 కేజీల బలంతో పడిన గేర్‌కి ఇప్పుడు 3.6 కేజీలు కావాలి. సిటీ ట్రాఫిక్‌లో రోజంతా గేర్లు మార్చేవాళ్లకి ఈ తేడా సాయంత్రానికి భుజంలో తెలుస్తుంది.

ఇంట్లో చేసే పద్ధతులు మూడు

1. పైన కట్ చేయడం: అన్నిటికంటే తేలిక, ఖర్చూ తక్కువ. రాడ్ కట్ చేసి, గేర్ నాబ్‌కి సరిపోయే సైజులో మళ్లీ థ్రెడ్ వేయించాలి. కానీ రెండు విషయాలు చూసుకోవాలి. కొన్ని కార్లలో రివర్స్ వేయడానికి నాబ్ కింద రింగ్ పైకి లాగాలి. అలాంటి రాడ్ కట్ చేస్తే ఆ లాక్ పనిచేయకుండా పోవచ్చు. ఇంకొన్ని రాడ్లలో వైబ్రేషన్ ఆపడానికి లోపల రబ్బరు ఉంటుంది. దగ్గర్లో వెల్డింగ్ చేస్తే అది కాలిపోతుంది.

2. కింది భాగం పెంచడం: ఇంజనీరింగ్ పరంగా ఇదే మెరుగైన దారి. అమెరికా, యూరప్‌లలో పాత బీఎండబ్ల్యూ 3 సిరీస్ ఓనర్లు అదే కంపెనీ జెడ్3 కారు గేర్ రాడ్ తెచ్చి బిగించేది ఇందుకే. కంపెనీలో తయారైన పార్టు కాబట్టి వెల్డింగ్ గొడవ ఉండదు. ఇంట్లో వెల్డింగ్‌తో రాడ్ పెంచితే మాత్రం ఆ అతుకే బలహీనమైన చోటు. అది నడిరోడ్డు మీద విరిగితే కారు ఉన్న గేర్‌లోనే ఇరుక్కుపోతుంది.

3. కేబుల్ పిన్ను జరపడం: స్విఫ్ట్, ఐ20 లాంటి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో గేర్ రాడ్ నేరుగా గేర్‌బాక్స్‌లోకి వెళ్లదు. రెండు కేబుళ్లు ఆ పని చేస్తాయి. గేర్‌బాక్స్ మీదున్న ఆర్మ్‌లో కేబుల్ పిన్నును షాఫ్ట్‌కి కాస్త దగ్గరగా జరిపితే, చెయ్యి తక్కువ కదిలినా ఆర్మ్ ఎక్కువ తిరుగుతుంది. పిన్ను జరిపాక కేబుల్‌ని మళ్లీ న్యూట్రల్‌కి సెట్ చేయడం తప్పనిసరి.

వాషర్లు వేస్తే సరిపోతుందా?

చాలామంది పొరబడేది ఇక్కడే. కేబుల్ కార్లలో షిఫ్టర్ బేస్ మొత్తాన్ని వాషర్లతో పైకి లేపితే నాబ్ ఎత్తు పెరుగుతుంది తప్ప నిష్పత్తి మారదు. జిప్సీ లాంటి బండ్లలో రాడ్ నేరుగా గేర్‌బాక్స్‌లోకి దిగుతుంది. అక్కడ బాల్‌ని పైకి లేపితే కదలిక తగ్గుతుంది నిజమే. కానీ రాడ్ కింది కొస లోపలి గూటిలోంచి అంతే మేర పైకి వస్తుంది. పట్టు తగ్గితే గేర్ మార్చేటప్పుడు అది గూట్లోంచి జారిపోయే ప్రమాదం ఉంది.

పని మొదలెట్టే ముందు, పూర్తయ్యాక

- కారు సమతలం మీద ఉంచి, టైర్లకి అడ్డం పెట్టాలి. న్యూట్రల్‌లో ఉండాలి.
- బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ మాడ్యూల్ గేర్ రాడ్ ముందు, కన్సోల్ కిందే ఉంటుంది. అక్కడ డ్రిల్లింగ్ అసలే వద్దు.
- కోత, వెల్డింగ్ ఏదైనా రాడ్ బయటికి తీశాకే చేయాలి. ఇనప రజను గేర్‌బాక్స్‌లో పడితే అసలుకే మోసం.
- బిగించాక ఇంజిన్ ఆఫ్‌లో, క్లచ్ తొక్కి, రివర్స్‌తో సహా అన్ని గేర్లు పూర్తిగా పడుతున్నాయో లేదో చూడాలి. రాడ్ కన్సోల్‌కి తగిలి ఆగిపోతే గేర్ సగమే పడినట్టు. అలాంటి గేర్ లోడ్ పడగానే జారిపోతుంది, లోపల పళ్లు అరిగిపోతాయి.

ఇంతకీ స్పీడ్ పెరుగుతుందా?

పెద్దగా పెరగదు. కారణం సింపుల్. రాడ్ ఎంత పొట్టిదైనా గేర్‌బాక్స్ లోపల స్లీవ్ కదలాల్సిన దూరం మారదు. అక్కడ సింక్రో రింగ్ రాపిడితో గేర్ వేగాన్ని షాఫ్ట్ వేగంతో కలుపుతుంది. దానికి పట్టే క్షణం పట్టాల్సిందే. కొత్త రాడ్ వచ్చింది కదా అని టకటకా తోస్తే ముందు అరిగేది ఆ రింగే. గేర్ వేస్తుంటే కరకరమని శబ్దం మొదలైందంటే గేర్‌బాక్స్ దించాల్సి రావచ్చు.

రాంగ్ గేర్ పడితే అంతే!

రాడ్ పైన కట్ చేస్తే ముందువెనక కదలికే కాదు, పక్కలకి కదిలే దూరం కూడా తగ్గుతుంది. గేర్ల మధ్య ఎడం తగ్గి, థర్డ్ నుంచి ఫోర్త్ వేయబోయి సెకండ్‌లో వేసే అవకాశం పెరుగుతుంది. థర్డ్ గేర్ నిష్పత్తి 1.3, సెకండ్ 1.9 అనుకుంటే, 5,000 ఆర్‌పీఎం దగ్గర ఈ పొరపాటు జరిగి క్లచ్ వదలగానే ఇంజిన్ సుమారు 7,300 ఆర్‌పీఎంకి ఎగబాకుతుంది. చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి కాబట్టి రెవ్ లిమిటర్ కూడా ఆపలేదు. వాల్వులు వంగిపోతే బిల్లు ముందు షార్ట్ షిఫ్టర్ ఖర్చు చిల్లర లెక్క.

ముందు బుష్‌లు చూడండి

పాత కార్లలో గేర్ రాడ్ వదులుగా, దూరం దూరంగా కదులుతుంటే చాలాసార్లు తప్పు రాడ్ పొడవుది కాదు. అరిగిపోయిన బుష్‌లదో, సాగిపోయిన కేబుల్‌దో అయి ఉంటుంది. వాటిని మార్చి, కేబుల్ సరిగ్గా సెట్ చేయిస్తేనే గేర్లు చాలావరకు కొత్త కారులా పడతాయి. అరిగిన బుష్‌లు అలాగే ఉంచి రాడ్ కట్ చేస్తే ఆ వదులు అలాగే ఉంటుంది, పైగా గేర్ దొరకడం మరింత కష్టమవుతుంది.

కారు ఇంకా వారంటీలో ఉంటే ఈ పని పక్కన పెట్టడమే మంచిది. మార్పు చేసిన కారుకి గేర్‌బాక్స్ క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంటుంది. వారంటీ దాటిన కారైతే ముందు బుష్‌లు, తర్వాత కేబుల్, అప్పటికీ తృప్తి లేకపోతేనే రాడ్. అదీ ఒకేసారి 5 సెం.మీ కాదు, కొంచెం కొంచెంగా. కట్ చేసిన రాడ్ మళ్లీ పెరగదు కదా!