అడగడమూ, వినడమూ

రాయచూరులో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగువారందరికీ కన్నడములో ఒక మాట బాగా తెలుసు. "కేళు" అంటే అడుగు అని అర్థము. విను అని కూడా అదే అర్థము. బజారులో ధర అడిగినా ఆ మాటే, పెద్దల మాట వినమన్నా ఆ మాటే. మన తెలుగులో ఆ రెండు పనులకూ వేరువేరు మాటలున్నవి. భాషలో విడిపోతే ఫరవాలేదు గాని, ప్రార్థనలో విడిపోతే మనిషికి నష్టము. ఆ నష్టము నేను స్వయముగా అనుభవించాను గనుక ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాను. మన సంఘములో అన్ని మతములవారూ వున్నారు. నేను క్రైస్తవ కుటుంబములో పుట్టినవాణ్ణి కాబట్టి ఎరిగిన సంగతే చెబుతాను.

నా ఉద్యోగము గుమాస్తాగిరీ. ఆఫీసులో రెండు రిజిస్టర్లు నా చేతిమీద నడుస్తవి. వచ్చిన కాగితాలకు ఇన్వర్డు, పోయే కాగితాలకు ఔట్‌వర్డు. చాలా ఏండ్లు నా ప్రార్థనలో ఔట్‌వర్డు రిజిస్టరు ఒక్కటే వుండేది. రాత్రి మోకరించి పిల్లల చదువు, బదిలీ, ఇంటి అప్పు, తమ్ముడి సంగతి వరుసగా చదివి, ఆమెన్ అని పడుకునేవాణ్ణి. జవాబు వచ్చిందేమో చూడటానికి ఒక్క నిమిషమైనా ఆగింది లేదు.

అడగడము తప్పని కాదు. అడగందే అమ్మయినా పెట్టదని మన సామెత. ప్రభువు శిష్యులకు నేర్పిన ప్రార్థనలో కూడా ఏనాటి ఆహారము ఆనాటికి అడగడము వున్నది. కాని సమూయేలు కథ చూడండి. దేవుడు పేరు పెట్టి పిలుస్తుంటే ఆ పిల్లవాడు మూడుసార్లు లేచి ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. అది ఎవరి పిలుపో, ఏమని పలకాలో ముసలి ఏలీ చెప్పవలసి వచ్చింది. వినడము కూడా నేర్చుకోవలసిన విద్యే అని దీనివల్ల తెలుస్తున్నది. ఏలీయాకు పెనుగాలిలోనూ, భూకంపములోనూ, మంటలోనూ దేవుడు కనబడలేదు. ఆ తరువాత వచ్చిన మెల్లని స్వరములో కనబడ్డాడు.

మన తెలుగుదేశములోనే దీనికి సాక్ష్యాలున్నవి. ఒంగోలులో ప్రార్థన కొండ అని వున్నది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తము అయిదుగురు ఆ కొండ ఎక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపుమని దేవుణ్ణి అడిగారు. నెల్లూరు మిషనును మూసివేద్దామా అని అమెరికాలో తర్జనభర్జనలు సాగుతున్న రోజులవి. జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురము పెట్టింది 1866లో. అడిగిన ప్రార్థన అయిదుగురిది, నిరీక్షణ పన్నెండు సంవత్సరములది. 1878 జూలై 3వ తేదీన ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారన్నది చరిత్రలో నిలిచిన సంగతి.

లూథరన్ సంఘములో పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను స్థాపించారు. వారు నేర్పినవాటిలో ముఖ్యమైనది "సన్నిధి". విశ్వాసులు కూడుకొని, మాటలు చాలించి, దేవుని యెదుట మౌనముగా కనిపెట్టడము. ఇంగ్లండులో పదిహేడవ శతాబ్దమున బయలుదేరిన క్వేకర్లు కూడా ఆరాధనలో ఇట్లాగే మౌనముగా కూర్చుంటారు. సాధు సుందర్‌సింగు గారి పుస్తకము, 1922లో ఇంగ్లీషులోకి వచ్చినది, గురుశిష్య సంభాషణగానే సాగుతుంది. శిష్యుడు అడుగుతాడు, ప్రభువు జవాబు చెబుతాడు. తీరిక లేదనేవారికి పారిస్‌లో మఠపు వంటశాలలో పనిచేసి, 1691లో చనిపోయిన లారెన్సు సహోదరుడే సమాధానము. గిన్నెల మధ్య కూడా ఆయనకు దేవుని సన్నిధి చెదరలేదు.

ఇక నా సంగతి. 1953లో తుంగభద్ర డ్యాము పూర్తయి, ఎడమ కాలువకు నీరు వచ్చిన తరువాత మా తాతగారు గుంటూరు సీమనుంచి వచ్చి సింధనూరు తాలూకాలో ఒక క్యాంపులో స్థిరపడ్డారు. నాన్నగారు పోయిన తరువాత పొలము పంపకములో నాకూ తమ్ముడికీ మాట పడింది. నా ఇంటి స్థలానికి నాన్నగారు డబ్బు ఇచ్చారని వాడన్నాడు. రుజువు ఏదని నేనన్నాను. అయిదేళ్ళు రాకపోకలు లేవు. ప్రతి రాత్రీ "తమ్ముడి మనసు మార్చు ప్రభువా" అని ప్రార్థించేవాణ్ణి.

ఒక వేసవిలో, అడిగిన తరువాత పదినిమిషాలు ఊరకుండాలని నియమము పెట్టుకున్నాను. మొదటి మూడు వారాలు దోమల మోత, ఆఫీసు ఫైళ్ళు తప్ప మరేమీ లేదు. తరువాత ఒక రాత్రి నాన్నగారు జ్ఞాపకము వచ్చారు. వడ్లు అమ్మిన డబ్బు తువాలులో మూటకట్టి తెచ్చి, ఈ గదిలోనే లెక్కపెట్టి నా చేతికిచ్చారు. ఏ స్వరమూ వినబడలేదు. మరచిపోయాననుకున్నది మరవలేదని మాత్రము తెలిసింది.

నా భార్యతో చెప్పాను. "నాకు ఎప్పుడో తెలుసండీ. మీరు వినే రోజు రావాలని చూస్తున్నాను" అన్నది. మనసులో వచ్చిన ప్రతి తలంపూ దేవునిది కాదు గనుక పాస్టరుగారిని కూడా అడిగాను. "ఆ తలంపు తమ్ముడి తప్పు చూపుతున్నదా, మీ తప్పు చూపుతున్నదా? సువార్తకు సరిపోతున్నదా?" అన్నారు. జవాబు చెప్పవలసిన అవసరము లేకపోయింది.

మరుసటి ఆదివారము సింధనూరు బస్సు ఎక్కాను. అంతా విని తమ్ముడు, "అన్నయ్యా, ఈ మాట ఆనాడే అనివుంటే నేను పొలము తాకట్టు పెట్టేవాణ్ణి కాదు" అన్నాడు. నా దగ్గర మాట లేదు. మరదలు మజ్జిగ ఇచ్చింది. వాడికి రావలసిన సగము నెలనెలా పంపుతున్నాను. తీసుకుంటున్నాడు గాని, మా గడప ఇంకా తొక్కలేదు.

మౌనము పాటిస్తే అన్నీ చక్కబడతవని నేను చెప్పను. ఇంటివారు కలసి ప్రార్థించేటప్పుడు ఒక పెద్దే అరగంట మాట్లాడక, అయిదు నిమిషాలు అందరూ ఊరకుంటే మేలు. ముందు ఒక చిన్న వాక్యభాగము చదువుకోండి. వచ్చిన తలంపును ఒక పుస్తకములో వ్రాసుకోండి. అది వాక్యానికీ, ప్రేమకూ తగినదో కాదో చూసుకోండి, అనుభవమున్నవారితో చెప్పండి. చేయవలసినదయితే ఆలస్యము చేయకండి, తమ్ముడి పొలము తాకట్టు పడేదాకా ఆగకండి.

ఈ క్రిస్మసుకు రమ్మని తమ్ముడికి ఉత్తరము వ్రాశాను. జవాబు ఇంకా రాలేదు. ఇప్పుడు వాడి మనసు మార్చమని అడగడము మానివేశాను. వాడు ఏమి చెప్పినా వినగల ఓర్పు నాకు ఇమ్మని అడిగి, ఆ పదినిమిషాలు కూర్చుంటున్నాను.