కోసిన గుమ్మడికాయ ఏల కుళ్లును?

కర్నూలు జిల్లాలోని సి.బెళగల్ వంటి ఊళ్లలో దిష్టి తగులకుండ బూడిదగుమ్మడికాయను ఇంటి గుమ్మమునకు వ్రేలాడగట్టుదురు. గీత పడని కాయ నెలల తరబడి చెడకుండ ఉండును. దసరానాడు ఆయుధపూజకై అటువంటి కాయకే పైన గుంట చేసి, లోన కుంకుమ నింపుదురు. దానిని ఆనాడు పగులగొట్టక మరచినచో కొద్ది దినములకే మెత్తబడి కంపుకొట్టును. అమెరికాలో అక్టోబరు 31న హాలోవీన్ పండుగకు మొగము చెక్కి, లోన దీపముంచు గుమ్మడికాయలకును ఇదే గతి.

భేదమంతయు తోలులోనే ఉన్నది. బూడిదగుమ్మడిపై తెల్లగా కనిపించునది బూడిద కాదు, మైనము. అది లోని నీటిని ఆవిరి కానీయదు, పైతడిని నిలువనీయదు. శుభ్రత పేరిట దానిని తుడిచివేయుట కాయకు కీడే. తోలు లోపలి కండలో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. కొంత చక్కెర కూడ ఉండును. నిమ్మపండునకువలె ఆమ్లముయొక్క అండ దీనికి లేదు. కత్తి తగిలినచోట కణములు చితికి రసము ఊరును. కత్తిమీది బాక్టీరియాకు, గాలిలోని బూజు బీజములకు ఇంతకన్న విందేమి కావలెను?

చెక్కిన కాయలను కొందరు బ్లీచింగు పౌడరు కలిపిన నీటితో కడుగుదురు. బూజు కొంత ఆలస్యమగును. కాని ఆ కాయ తినుటకు పనికిరాదు. అంచులకు వాజిలైను పూసినచో ముక్క వాడదు, అంతే. అది బూజును చంపదు.

వంటింటిలో మిగిలిన ముక్కనుండి గింజలను, పీచును ముందుగా తీసివేయవలెను. మొదట చెడునది ఆ భాగమే. పిమ్మట మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచినచో మూడు నాలుగు దినములు ఆగును. చల్లదనము సూక్ష్మజీవులను చంపదు, వాటి పెరుగుదలను మందగింపజేయును. విచిత్రమేమనగా, కోయని కాయకు ఆ చలి పడదు. 10 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువన చాలకాలముంచిన తోలు గుంటలుపడి, కాయ కుళ్లుటకు సిద్ధమగును. గాలి ఆడు నీడపట్టే దానికి మేలు.

ఫ్రిజ్ ఎరుగని నాటినుండి మన ఇల్లాండ్రు ఈ చిక్కును వేరువిధముగా విప్పిరి. బూడిదగుమ్మడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, గుడ్డలో మూటకట్టి, రాత్రియంతయు బరువుంచుదురు. ఉప్పు కణములలోని నీటిని వెలికి లాగును. శాస్త్రములో దీనిని ద్రవాభిసరణమందురు. తెల్లవారుసరికి మూటనుండి కారిన నీరు చూచిన పిల్లలకు ఆ పాఠము వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ముక్కలను మినపపిండిలో కలిపి, వడియములు పెట్టి, గలగలలాడువరకు ఎండబెట్టుదురు. నీరు లేనిచోట బూజు మొలవదు కనుక అవి డబ్బాలో ఏడాది నిలుచును. కర్నూలు వేసవియెండకు ఈ పని సులభమే. ముసురుపట్టిన దినములలో పెట్టిన వడియములకు మాత్రము బూజు తప్పదు.

పాఠశాలలో దీనిని పరీక్షింపవచ్చును. ఒకే కాయనుండి నాలుగు సమానమైన ముక్కలు కోసి, ఒకటి గాలిలో, ఒకటి మూత బిగించిన సీసాలో, ఒకటి ఉప్పు పట్టించి ఎండలో, ఒకటి ఫ్రిజ్‌లో ఉంచి, ప్రతిదినము తూచి, బూజు తొలిసారి కనిపించిన దినమును వ్రాసికొనవలెను. సీసాను తరగతిలో తెరువరాదు. బూజు బీజములు ఉబ్బసమున్న పిల్లలకు హాని చేయును.