హాలాంగ్‌లో ఓడ ఎందుకు ఊగదు?

వియత్నాం ఉత్తరాన హాలాంగ్ బే అనే ఖాతం ఉంది. చలికాలంలో ఓడెక్కి, రాత్రి అందులోనే పడుకుని, తెల్లారి డెక్ మీదికొస్తే చుట్టూ నీళ్లలోంచి నిటారుగా లేచిన కొండలు! దాదాపు 1,600 దీవులు. సముద్రం మధ్య పడుకున్నా ఓడ పెద్దగా ఊగదు. ఎందుకు?

బయటి నుంచి వచ్చే అలలు ఆ దీవులకు తగిలి విరిగిపోతాయి. అందుకే చీకటిపడ్డాక ఓడలు వాటి చాటున లంగరు వేసుకుంటాయి.

ఇన్ని కొండలు నీళ్లలోకి ఎలా వచ్చాయి? అవి రాలేదు, నీళ్లే వాటి మధ్యకు వచ్చాయి! ఇవన్నీ సున్నపురాయి కొండలు. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు లక్షల ఏళ్లపాటు పగుళ్లలోకి దిగుతూ రాయిని కరిగించింది. కరిగిన చోట లోయలు, గుహలు, మిగిలినచోట శిఖరాలు. చివరి మంచుయుగం ముగిశాక సముద్రమట్టం పెరిగి లోయలు మునిగిపోయాయి. మన బొర్రా గుహలను తొలిచిందీ ఇలాంటి నీరే. ఓడ దీవి పక్కగా వెళ్తున్నప్పుడు నీటి అంచును తప్పక చూడండి. అక్కడ రాయి లోపలికి కోసుకుపోయి ఉంటుంది. సముద్రం ఇంకా తొలుస్తూనే ఉందన్నమాట!

యునెస్కో 1994లో ఈ ఖాతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మరి అక్కడ కమ్మే పొగమంచు ఎలా వస్తుంది? చలికాలం చివర్లో తేమ నిండిన గాలి చల్లని నీటి మీదుగా వస్తుంది. గాలి చల్లబడగానే అందులోని ఆవిరి సన్నని నీటి బిందువులవుతుంది. అది మరీ దట్టంగా కమ్మితే ఓడలను కదలనివ్వరు. దారి పొడవునా రాళ్లే కదా!