కండరాలు మొరాయిస్తే

2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని ప్రకటించాక, అప్పటిదాకా చాలామంది వినని ఆ మాట తెలుగువాళ్ళ ఇళ్ళల్లో బాగా వినిపించింది. ఆ రోజుల్లో నాకు ఫోన్ చేసిన మిత్రుల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే: "నాకూ ఒళ్ళు నొప్పులున్నాయి, అదేనంటారా డాక్టరుగారూ?"

దాదాపుగా కాదు. ఇది అరుదైన జబ్బు. పైగా ఇందులో ముఖ్య లక్షణం నొప్పి కాదు, బలహీనత. నొప్పికి డాక్టరు దగ్గరకు పరుగెత్తే మనవాళ్ళు బలహీనతను మాత్రం వయసు కిందో, అలసట కిందో జమ కట్టేస్తారు. చికిత్స ఆలస్యమయ్యేది అక్కడే.

క్రిములతో పోరాడవలసిన రోగనిరోధక శక్తి మన కండరాల మీదే దాడి చేయడం ఈ జబ్బు స్వరూపం. కంచే చేను మేసినట్టన్న మాట. ఇది అంటువ్యాధి కాదు. ఇందులో రకాలున్నాయి. చర్మం మీద కూడా కనిపించేది డెర్మటోమయోసైటిస్. సాధారణంగా యాభై దాటినవారిలో మెల్లగా ముదురుతూ తొడలనూ, చేతివేళ్ళ పట్టునూ దెబ్బతీసేది ఇన్‌క్లూజన్ బాడీ మయోసైటిస్.

ఎక్కువ రకాల్లో ముందు దెబ్బ తినేవి తుంటి, తొడలు, భుజాల కండరాలు. పూజలో పీట మీంచి లేవాలంటే చేతులు ఊనుకోవాలి. మెట్లెక్కడం కష్టమవుతుంది. జడ వేసుకుంటుంటే చేతులు పైన నిలవవు. మోకాళ్ళ నొప్పితో లేవలేకపోవడం వేరు, నొప్పి లేకుండానే తొడల్లో శక్తి చాలకపోవడం వేరు. మింగడం కష్టమైనా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకూడదు.

కనురెప్పల మీద, వేళ్ళ కణుపుల మీద ఊదారంగు మచ్చలు వస్తాయని వైద్య గ్రంథాల్లో ఉంటుంది. మన చామనఛాయ ఒంటి మీద అవి ముదురు గోధుమరంగులోనో, నల్లగానో కనిపించవచ్చు. మంగు అనుకుని క్రీములు రాసుకుంటూ కూర్చునే ప్రమాదముంది.

మొదట చేసే రక్తపరీక్షల్లో ముఖ్యమైనది సి.కె. అయితే అది మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని తీర్మానించలేం. ఎ.ఎస్.టి., ఎ.ఎల్.టి. పెరిగితే లివరు చెడిందనుకుంటాం. కానీ అవి దెబ్బతిన్న కండరాల నుంచి కూడా వస్తాయి. థైరాయిడ్ లోపం, విటమిన్ డి లోపం కూడా కండరాలను బలహీనపరుస్తాయి. కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్ మందుల వల్ల అరుదుగా ఇలాంటి జబ్బు రావచ్చు. అనుమానమొస్తే డాక్టరుతో మాట్లాడండి, మందు మీ అంతట మీరే ఆపకండి. జబ్బు తేలిన పెద్దవాళ్ళకు ఊపిరితిత్తులనూ పరీక్షిస్తారు, క్యాన్సర్ కోసమూ వెతుకుతారు. ముఖ్యంగా డెర్మటోమయోసైటిస్‌తో పాటు కొందరిలో క్యాన్సర్ బయటపడుతుంది.

చికిత్స సాధారణంగా స్టెరాయిడ్లతో మొదలవుతుంది. వాటి మోతాదు తగ్గించడానికి మెథోట్రెక్సేట్, అజథయోప్రిన్ వంటివి తోడు చేస్తారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఐ.వి.ఐ.జి. అనే ఇంజక్షన్‌ను పెద్దవాళ్ళ డెర్మటోమయోసైటిస్‌కు ఇక్కడి ఎఫ్.డి.ఎ. 2021లో ఆమోదించింది. ఇన్‌క్లూజన్ బాడీ రకం మాత్రం ఈ మందులకు అంతగా లొంగదు. అక్కడ వ్యాయామమే పెద్ద ఆధారం. ఇండియాలో పెరిగినవాళ్ళు మందులు మొదలుపెట్టే ముందు టి.బి., హెపటైటిస్ బి పరీక్షలు చేయించుకోవాలి. అణిగి ఉన్న ఆ జబ్బులు ఈ మందులతో తిరగబెట్టవచ్చు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది మధ్యలో మందు మానేయడం. ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది. "స్టెరాయిడ్లు మంచివి కావట" అని ఎవరో అంటారు. కాస్త ఓపిక రాగానే సీసా మూల పడుతుంది. కొన్ని వారాలు స్టెరాయిడ్ వాడాక శరీరం తన సొంత హార్మోను తయారీ తగ్గించుకుంటుంది. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకు రావచ్చు. తగ్గించేది డాక్టరే, అదీ మెట్టు మెట్టుగా. ఇండియా ప్రయాణమైతే రోజులు లెక్కగట్టి, కొన్ని అదనంగా, చేతిసంచీలోనే పెట్టుకోండి.

ఒకప్పుడు ఈ రోగులను కదలొద్దనేవారు. 1990ల నుంచి స్వీడన్‌లోనూ ఇతర చోట్లా జరిగిన అధ్యయనాలు, తగు మోతాదులో వ్యాయామం మేలే చేస్తుందని చూపించాయి. ఫిజికల్ థెరపిస్టు సలహాతో మొదలుపెట్టండి. ఇంట్లోవాళ్ళు చేయగలిగిన సాయం, దాన్ని బద్ధకం అనకపోవడం.

ఈ వేసవిలో అమ్మానాన్నలు మీ ఇంటికి వస్తే మెట్ల దగ్గర ఒక కంట కనిపెట్టండి. సోఫాలోంచి లేవడానికి కొత్తగా చేతులు ఊనుకుంటున్నారా? "వయసు మీద పడింది" అనేసే ముందు డాక్టరుకు ఒకసారి చూపించండి.