పెనుకొండ కోట

హిందూపురమునుండి ధర్మవరమునకు పోవు రైలుమార్గమున, నడుమ పెనుకొండ యను పట్టణము కలదు. ఊరి నానుకొని యొక పెద్ద కొండ నిలిచియున్నది. ‘పెను’ అనగా పెద్ద. ఆ కొండ పేరే ఊరి పేరైనది. సంస్కృతమున దీనిని ఘనగిరి యందురు.

ఈ కోట విజయనగర రాజ్యపు తొలినాళ్లది. 14వ శతాబ్దమున మొదటి బుక్కరాయల కాలములో దీనిని కట్టించిరి. రెండువందల యేండ్లు గడచిన పిదప, రాజ్యమునే కాపాడవలసిన భారము ఈ కోటపై బడినది. 1565లో రాక్షసి-తంగడి యుద్ధమున అళియ రామరాయలు మరణించెను. విజయనగరము కొల్లపోయెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండకు వచ్చి దీనిని రాజధానిగా చేసికొనెను. ఇచ్చటికే యేల వచ్చెనో కొండను చూచినచో తెలియును. ఏటవాలు రాళ్లమీదుగా ఎక్కివచ్చుట శత్రువునకు కష్టము. పైనున్న కావలివారికి సేనల రాక దూరమునుండియే కనబడును. తరువాత వేంకటపతిరాయల కాలమున గోలకొండ సేనలు ముట్టడించినను కోట లొంగలేదు.

కోటలో ముఖ్యముగా చూడదగినది గగనమహలు. ఇది రెండంతస్తుల రాజగృహము. దీని ద్వారములు సుల్తానుల కట్టడములందువలె కమానులు. శిఖరము మన దేవాలయముల విమానమును పోలియుండును. హంపిలోని కమలమహలునందును ఈ కలయికయే కానవచ్చును. రాజులు కత్తులు దూసి పోరాడుచున్న కాలముననే శిల్పులు ఒకరి విద్య నొకరు నేర్చుకొనిరన్నమాట! పట్టణములో ఆలయములు, జైనుల పార్శ్వనాథాలయము, బాబయ్య దర్గా నేటికిని నిలిచియున్నవి.

బాలలారా! శత్రుసేనలకు లొంగని గోడలు మన అజాగ్రత్తకు లొంగిపోగలవు. నిధి దొరకునను దురాశతో కొందరు పాతకట్టడములను త్రవ్వుదురు. మరికొందరు గోడలపై తమ పేర్లు చెక్కుదురు. గోడ పగులులో మొలచిన చిన్న రావిమొక్క సైతము, పెరికివేయువారు లేనిచో, వేళ్లతో రాళ్లను విడదీయును. రాజులు పోయిరి, సైన్యములు పోయినవి. ఇప్పుడీ కోటకు కావలివారము మనమే. మీరు పెనుకొండకు పోయినప్పుడు కన్నులార చూడుడు. గోడపై గీత యొక్కటియైనను గీయక తిరిగిరండు.