ఎకరం అమ్మి ప్లాటు కొనే ముందు

మన సంఘాలలో హైదరాబాదుకు పిల్లలను పంపని ఇల్లు ఇప్పుడు అరుదు. నర్సింగు చదివిన అమ్మాయి, కారు డ్రైవరుగా చేరిన అబ్బాయి, ఎవరు ఫోను చేసినా ఒకటే మాట: "జీతం పర్వాలేదు నాన్నా, సగం అద్దెకే పోతోంది." అప్పుడు ఊళ్లో తండ్రికి ఒక ఆలోచన వస్తుంది. ఉన్న ఎకరం అమ్మి అక్కడ ఒక ప్లాటు కొనేస్తే? ఈ నెల ఆ తండ్రితోనే మాట్లాడదలచాము.

తొందర వద్దంటాము. రెండేళ్లయినా అద్దెకు ఉండి ఊరు తెలుసుకోవడం మేలు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి పక్కనే ఇల్లు కావాలంటే అద్దె మోయలేము. రైలు దారి వెంట కొంచెం దూరంగా వెదకాలి. 2003లో లింగంపల్లి, సికింద్రాబాదు, ఫలక్‌నుమాల మధ్య మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు 2023లో మేడ్చల్‌కూ, ఉందానగర్‌కూ చేరాయి. టిక్కెట్టు చవకే. అయితే అన్ని దారుల్లోనూ అన్ని వేళలా బండి దొరకదు. మీ డ్యూటీ వేళకు రైలు ఉన్నదో లేదో స్టేషనులో చూసుకున్నాకే ఇల్లు మాట్లాడుకోండి. మంజీరా నీళ్లు వస్తాయా, బోరేనా అని కూడా అడగాలి. వేసవిలో ట్యాంకరు ఖర్చు అద్దెకు తోడవుతుంది.

ఇక ప్లాటు. ఇక్కడ పల్లెవారికి తెలిసిన సంగతి పట్నంవారికి తెలియదు. చెరువు శిఖంలో మన ఊళ్లో ఎవరూ ఇల్లు కట్టరు. హైదరాబాదు చుట్టూ ఆ శిఖాలనే గీతలు గీసి అమ్మినవారున్నారు. 2020 అక్టోబరు వానలకు చెరువుల పక్కన కాలనీలు మునిగాయి. 2024లో ఏర్పాటైన హైడ్రా చెరువు హద్దుల్లో కట్టినవాటిని కూల్చడం మొదలుపెట్టింది. కాబట్టి బ్రోకరు కారులో ఎండాకాలం చూసి రావద్దు. వానాకాలంలో వెళ్లి, నీళ్లు ఎంతవరకు నిలుస్తాయో అక్కడి పాతకాపులను అడగండి. ఈ పని కొడుకు కన్నా తండ్రే బాగా చేస్తాడు.

లేఅవుటుకు హెచ్.ఎం.డి.ఎ. లేక డి.టి.సి.పి. అనుమతి ఉండాలి. పంచాయతీ ముద్ర ఒక్కటే చాలదు. 2020 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపినప్పుడు ఎందరో చిక్కుకున్నారు. నోటరీ కాగితం మీద, జి.పి.ఎ. మీద కొన్నది హక్కు కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. లింకు డాక్యుమెంట్లు, ఇ.సి. తీయించి చూడాలి. బ్యాంకు ఆ స్థలానికి అప్పివ్వనంటే, ఎందుకివ్వదో తెలిసేదాకా బయానా ఇవ్వకండి.

ఫ్లాటు కొనేవారికి 2016 నాటి రెరా చట్టం కొంత అండ. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 మించినా, బిల్డరు రెరాలో నమోదు చేయించుకోకుండా అమ్మకూడదు. అగ్రిమెంటు రిజిస్టరు కాకముందు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. "ప్రీ లాంచ్, మొత్తం ఇప్పుడే కడితే సగం ధరకే" అనేవారి మాట ఈ లెక్కతో సరిచూసుకోండి.

డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇప్పిస్తామని డబ్బు అడిగేవారూ ఉన్నారు. 2015లో మొదలైన ఆ పథకం ఇళ్లు లబ్ధిదారులకు ఉచితంగా కేటాయించినవి. కొల్లూరులో ఒక్కచోటే 15,660 కట్టి 2023లో ప్రారంభించారు. అవి అమ్మకానికి లేవు.

మరో మాట చెప్పక తప్పదు. ఆదివారం ఆరాధన అయ్యాక, "బ్రదర్, ఇది మనవాళ్ల వెంచరు" అని రంగు కాగితాలు పంచేవారు సంఘాల్లోకీ వస్తున్నారు. మనవాడని నమ్మి కాగితం అడగడానికి మొహమాటపడతాము. నిజమైన సహోదరుడైతే అడగకముందే చూపిస్తాడు. సంఘ కాపరులు ఇలాంటి ప్రకటనలకు మైకు ఇవ్వకుండా ఉంటే బాగుంటుంది.

డాక్యుమెంటు చదవడం కష్టమైతే, అమ్మేవారికి సంబంధం లేని వకీలుకు ఫీజిచ్చి చూపించండి. ఎకరం అమ్మేది అది చూశాకే.